వేలు ఎత్తేసినచోట

రాయచూరు,
30 జూన్ 2024.

చిరంజీవి కీర్తికి,

నీ పెద్దమ్మ ఉమారాణి ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నాకు ఒకవైపు కుశలమే తెలుసు, అదీ అంతంతమాత్రం. నువ్వు కల్లూరు వెళ్ళి ఇరవై రెండు రోజులైంది. బెంగళూరులో ఉన్నప్పుడు వారానికో ఉత్తరం ఠంచనుగా వచ్చేది. బస్సులో గంట దూరానికి వచ్చేసరికి నీ ఉత్తరాలకు కాళ్ళనొప్పులు పట్టుకున్నట్టున్నాయి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేశాను. "ఊఁ పెద్దమ్మా, ఊఁ" అన్నావు. ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నదాన్ని. మనిషి మనసు ఎక్కడుందో ఆ 'ఊఁ'ని బట్టి చెప్పగలను. అందుకని మన పాత ఒప్పందమే మేలు. ప్రాణం మీదికొస్తే ఫోను, మిగతాదంతా ఉత్తరం. కన్నడ బడిలో చదివిన నీకు పన్నెండో ఏట ఈ ఉత్తరాలతోనే కదా తెలుగు చదవడం నేర్పాను. రాయకపోతే చెయ్యి మరిచిపోతుంది.

వీధిలో అందరూ నీ గురించి అడుగుతున్నారు. నిన్న పక్కింటి అమరప్ప, "బెంగళూర్ల అంత పెద్ద సదువు సదివి కల్లూర్ల ఏం జేస్తున్నదక్కా?" అన్నాడు. మనుషులు ఫోన్లను ఎలా వాడతారో చూస్తుందని చెప్పాను. "గంతేనా? మా ఇంటికి రమ్మను. మా కోడలు ఫోను కింద పెడ్తే గద!" అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. మండింది అతని మీద కాదు.

నీ పరిశోధనకు ఫోను వాడటం చేతకాని పెద్దవయసు ఆడవాళ్ళు కావాలన్నావు. నాకంటే చేతకానిది నీకు ఈ జిల్లాలో దొరికిందా? మొన్న కందిపచ్చడి ఫోటో తీసి నీకు పంపబోయి గ్యాసు కంపెనీకి పంపాను. మీ విన్నపం అందింది, త్వరలో పరిష్కరిస్తాం అని జవాబొచ్చింది. ఇంత మంచి సరుకు ఇంట్లో పెట్టుకుని నువ్వు ఊళ్ళ మీద పడ్డావు. నన్ను ఎందుకు తీసుకోలేదో రాయి. దాచకుండా రాయి.

రాయకపోతే బస్సెక్కుతాను.

నీ పెద్దమ్మ,
ఉమారాణి


కల్లూరు,
6 జూలై 2024.

పెద్దమ్మకు,

నమస్కారాలు. గ్యాసు కంపెనీ సంగతి చదివి గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆలస్యానికి తిట్టు, పడతాను.

నిన్ను తీసుకోకపోవడానికి కారణం ఒకటే. మా పనిలో చుట్టాలు పనికిరారు. నువ్వైతే నా ముఖం చూసి నాకు ఏది కావాలో అదే చెబుతావు. మా గైడు జయతీర్థ సార్ ఈ విషయంలో చాలా కఠినం. ఇంకో రెండు నియమాలు కూడా ఉన్నాయి. పాల్గొనేవాళ్ళ పేర్లు ఎక్కడా రాయకూడదు, నంబర్లే. ఇక మొదటి ఆరు నెలలూ కూర్చుని చూడాలి తప్ప వాళ్ళకు ఏమీ నేర్పకూడదు. నేర్పితే, మేం రాకముందు వాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో తెలియకుండా పోతుంది.

నేను చూసేది ఏమిటంటే, వాట్సాప్‌లో గొంతు పంపాలంటే మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకోవాలి. వేలు ఎత్తగానే అప్పటిదాకా మాట్లాడింది వెళ్ళిపోతుంది. ఇక్కడి ఎనిమిది మందిలో ఎవరూ సొంతంగా నొక్కరు. కోడలో, పక్కింటావిడో నొక్కి పట్టుకుంటే వీళ్ళు మాట్లాడతారు. మాట ఒకరిది, వేలు ఒకరిది. మధ్యలో ఆ వేలు ఏం చేస్తుందన్నదే నా ప్రశ్న.

ఇది నాకు కొత్త సంగతి కాదు. కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని, రాయడం రానివాళ్ళకు నువ్వు ఉత్తరాలు రాసిపెట్టడం ఎన్నేళ్ళు చూశాను! పెన్ను పట్టుకుని, వాళ్ళు మాట కోసం తడుముకుంటుంటే నువ్వు అందించకుండా ఆగేదానివి. ఏడో నంబరు దగ్గర కూర్చున్నప్పుడు నాకు నువ్వే గుర్తొస్తావు.

ఏడో నంబరు ఎంత మంచి మనిషో చెప్పలేను. నా గదికి ఎదురిల్లే. జొన్నరొట్టె, పుండిపల్యం చేసి పిలుస్తుంది. మన గోంగూరే, కానీ ఆ రుచి వేరు. పోయిన ఆదివారం తలకు నూనె కూడా పెట్టింది.

గురువారాలు ఇడపనూరులో ఉంటాను, అక్కడ ముగ్గురున్నారు. మిగతా రోజులు ఇక్కడే.

నీ కీర్తి


రాయచూరు,
14 జూలై 2024.

చిరంజీవి కీర్తికి,

నీ ఉత్తరం అందింది. నియమాలన్నీ చదివాను. చుట్టాలు పనికిరారన్నమాట చాలా చక్కగా రాశావు. ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాను.

పుండిపల్యం రుచి వేరన్నావు. వేరే ఉంటుంది మరి. నా జొన్నరొట్టెలు గట్టిగా ఉంటాయని పాలలో నానబెట్టుకుని తిన్నదానివి. నూనె పెడతానంటే దిండుకు అంటుకుంటుందని పారిపోయినదానివి. ఆ ఏడో నంబరు దగ్గర దిండ్లకు నూనె అంటుకోదు కాబోలు.

నీ నియమం ప్రకారం పేరు చెప్పకపోయినా ఏడో నంబరు ఎవరో నాకు తెలిసిపోయింది. తీన్ కందిల్ కూడలి దగ్గర కూరగాయలు అమ్మే మారెప్పది కల్లూరే. నిన్న వంకాయలు ఏరుతుంటే అతనే చెప్పాడు. "నీ బిడ్డ మా ఊర్ల మస్తుగ కలిసిపోయింది అక్కా. ఎదురింటి శరణమ్మ ఇంట్లనే తింటది. అమ్మా అమ్మా అనుకుంట ఆమె ఎన్క ఎన్కనే తిరుగుతది." వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

అమ్మా అంటున్నావా ఆమెను?

మీ అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. నా చెల్లెలి బిడ్డవు. నేను పెళ్ళీ గిళ్ళీ అనుకోకుండా నిన్ను ఒళ్ళో పెట్టుకున్నాను. శక్తినగర్ పవర్ స్టేషన్లో పనిచేసే మీ నాన్న కుమారస్వామి, ఉద్యోగం మారి కొత్తగూడెం వెళ్ళిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట అతను పోయినప్పుడు వెళతావా అని అడిగితే వెళ్ళనన్నావు, నేను ఒత్తిడి చేయలేదు. ఇరవై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను అమ్మా అనలేదు నువ్వు. అనమని నేనూ అడగలేదు. ఎవరినీ అనడం లేదు కదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నెల రోజుల పరిచయానికి, రెండు రొట్టెలకు, ఒక చేరెడు నూనెకు ఆ పిలుపు పోయి ఆమె ఇంట్లో పడింది.

నాకు అసూయగా ఉంది కీర్తీ. అరవై రెండేళ్ళు వచ్చాక మనిషికి పెద్దరికం వస్తుందంటారు. నాకు మోకాళ్ళనొప్పులు తప్ప ఏమీ రాలేదు.

ఉమారాణి


కల్లూరు,
22 జూలై 2024.

పెద్దమ్మకు,

నాలుగు రోజులుగా జ్వరం, అందుకే ఆలస్యం. కంగారుపడకు, ఇప్పుడు తగ్గింది. ఎదురింటావిడ జొన్న గంజి కాచి తాగించింది. నీకు చెబితే పరిగెత్తుకొస్తావని చెప్పలేదు.

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అమ్మా అనే పిలుస్తారు. పాలావిణ్ణీ, బస్సులో పక్క సీటావిణ్ణీ కూడా అలాగే పిలుస్తాను. మారెప్ప నీకు అది చెప్పలేదు.

ఒక్క మాట. బస్సెక్కుతానని రాశావు. దయచేసి ఇప్పుడు రావద్దు. నవంబరు దాటాక నేనే తీసుకొచ్చి ఊరంతా చూపిస్తాను. నీ సంగతి నాకు తెలుసు, ఎవరైనా చేతకాక అవస్థపడుతుంటే చూస్తూ ఊరుకోలేవు. ఇక్కడ నా పనంతా ఊరుకోవడమే.

మాత్ర వేసుకోవాలి, ఇంతటితో ఆపుతాను.

కీర్తి


రాయచూరు,
2 ఆగస్టు 2024.

చిరంజీవి కీర్తికి,

రావద్దన్నావు. నా కూతురు కాని కూతురికి జ్వరమొస్తే గంజి కాచే హక్కు ఎదురింటావిడకు ఉంది, నాకు మాత్రం నవంబరు దాకా ప్రవేశం లేదు. నన్ను చూపించుకోవడానికి నీకు నామోషీ అని అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకుని బస్సెక్కాను. నిన్న గురువారం, నువ్వు ఇడపనూరులో ఉంటావని తెలిసే వెళ్ళాను. దాచడం ఎందుకు?

చిరునామా సరిగా లేని ఉత్తరాలను వేల కొద్దీ చేర్చినదాన్ని, శరణమ్మ ఇల్లు నాకొక లెక్కా? వాకిట్లో దండెం మీద నీ నీలం తువ్వాలు ఆరుతోంది. అది నేను కొన్నది. దాని పక్కనే ఆమె చీర.

నన్ను చూసి ఆమె, "బర్రీ అక్కా, కూడ్రీ" అని లోపలికి రమ్మని కూర్చోమంది. కన్నడంలో జవాబిచ్చేలోపే తెలుగులోకి వచ్చేసింది. "నా తల్లిగారి ఇల్లు గద్వాల దిక్కు. తెలుగు మరుస్తనా? నువ్వు కీర్తి పెద్దమ్మవే గద, ముక్కు చూస్తెనే తెలుస్తున్నది. దినాం నీ ముచ్చటనే పెడ్తది. మా పెద్దమ్మ గిట్ల రాసేది, మా పెద్దమ్మ గట్ల జేసేది అనుకుంట నా చెవులు తింటది." మర్యాదకు అన్నదిలే అనుకున్నాను. రొట్టె పెట్టింది. మెత్తగానే ఉంది. ఒకటి తిని చాలన్నాను, ఇంకోటి తినాలనిపించినా.

మాటల్లో కూతురి సంగతి వచ్చింది. "నా బిడ్డ సుమంగళ లింగసుగూర్ల ఉంటది అక్కా. ఏడాదాయె, ఈ దిక్కు రాలే. ఏం కోపమొచ్చిందో, నేనేమన్ననో తెల్వది. జవాబు గూడ ఇయ్యది. మా కోడలు నింగవ్వ ఫోన్ల పంపుతనే ఉంటది." నింగవ్వ అప్పుడు పొలంలో ఉంది. ఫోను గూట్లో ఉంది. "మరి నువ్వే పంపరాదా?" అన్నాను. "నాకేడ వొస్తదక్కా!" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి ఊరుకోలేకపోయాను. ఇంకో మాట కూడా రాస్తాను, నిజం కాబట్టి. నువ్వు నెలన్నర కూర్చుని చూస్తున్న మనిషిని నేను ఒక్క గంటలో దారిలో పెట్టగలనని చూపించాలనిపించింది. వాళ్ళ కోడలి గోళ్ళరంగు సీసా తీసుకుని, మైకు బొమ్మ ఎక్కడ వస్తుందో చూసి ఫోను అంచున ఎర్రచుక్క పెట్టాను. "ఆకుపచ్చ బొమ్మ నొక్కు, నీ బిడ్డ ముఖం నొక్కు, చుక్క పక్కన వేలు పెట్టి పట్టుకో. నీ మాట అయ్యేదాకా ఎత్తొద్దు" అన్నాను. కౌంటర్లో కొత్తగా చేరినవాళ్ళకు ముద్ర కొట్టడం ఇలాగే నేర్పేదాన్ని, తేదీ స్పష్టంగా పడేదాకా చెయ్యి తీయకూడదని. తను పంపిన పాత మాటలు నొక్కితే మళ్ళీ వినిపిస్తాయని కూడా చూపించాను. నాలుగోసారికి వచ్చేసింది. నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

నువ్వొచ్చేలోపు నాలుగు గంటల బస్సుకు బయల్దేరాను. నీ తువ్వాలు ఎండితే మడతపెట్టి అరుగు మీద ఉంచాను.

ఉమారాణి


కల్లూరు,
5 ఆగస్టు 2024.

పెద్దమ్మా,

ఏం చేశావో నీకు తెలుసా? చేయొద్దని ముందే రాసిన ఒకే ఒక్క పని అది. ఏడో నంబరు దగ్గర రెండు నెలల నుంచి రాసుకుంటున్నాను, ఎవరు నొక్కారు, ఎంతసేపు పట్టుకున్నారు, ఎప్పుడు ఎత్తారు అని. మొన్న గురువారంతో అదంతా అర్థం లేకుండా పోయింది. జయతీర్థ సార్‌కి ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది. "మీ ఇంట్లోవాళ్ళే నేర్పారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఏడో నంబరును లెక్కలోంచి తీసేయమన్నారు.

నామోషీ అన్నావు. నాకు నామోషీ ఎప్పుడూ లేదు. ఇప్పుడు మొదటిసారి అనిపించింది.

కొన్నాళ్ళు రాయను.

కీర్తి


రాయచూరు,
12 ఆగస్టు 2024.

కీర్తికి,

రాయనన్నావు, రాయకు. నేను మాత్రం నా వంతు రాస్తాను.

ఏడో నంబరును తీసేశారన్న వాక్యం చదివినప్పుడు నాకు బాధ కలగలేదు. ముందుగా సంతోషం కలిగింది. హమ్మయ్య, ఇక ఆ ఇంట్లో నీకు పనిలేదు అనుకున్నాను. ఒక పూట అలాగే హాయిగా గడిచింది. బజ్జీలు కూడా వేసుకున్నాను. సాయంత్రం అమరప్ప వచ్చి కీర్తి ఎలా ఉందని అడిగితే బజ్జీల పళ్ళెం చేతిలో పెట్టి మాట మార్చాను. అప్పుడు తెలిసింది నేను సంతోషించింది దేనికో. నీ రెండు నెలల కష్టం బూడిదైతే సంతోషించాను.

ఇలాంటి మనిషిని నీ పరిశోధనలో పెట్టుకోకపోవడమే మంచిదైంది. మీ సార్ తెలివైనవాడు.

జ్వరం మళ్ళీ రాలేదు కదా? ఆ ఒక్క మాట కార్డు ముక్క మీదైనా రాయి.

ఉమారాణి


కల్లూరు,
1 సెప్టెంబరు 2024.

ప్రియమైన పెద్దమ్మకు,

జ్వరం రాలేదు. కోపం కూడా ఇప్పుడు లేదు. ఒక సంగతి జరిగింది. శరణమ్మ గారే నీకు రాయమన్నారు కాబట్టి పేరుతోనే రాస్తున్నాను. రాసింది ఆవిడకు చదివి వినిపించాను కూడా.

నువ్వు వెళ్ళాక ఆవిడ రోజూ ఫోను పట్టుకుని కూర్చునేది. నువ్వు చూపినట్టే, తను సుమంగళకు పంపిన పాత మాటలన్నీ ఒక్కొక్కటీ నొక్కి వింది. పోయిన ఏడు మే నెలలో పంపిన దాని దగ్గర ఆగిపోయింది. నన్ను కేకేసి వినిపించింది. ఆమె గొంతే. "ఎండలు మస్తుగున్నయ్ బిడ్డా, ఇప్పుడు రాకు." అంతే, అక్కడితో తెగిపోయింది. "నేను గంతే అన్లేదు కీర్తీ" అంది. "ఎండలు తగ్గినంక తప్పకుండ రా, నిన్ను జూడక పానం కొట్టుకుంటున్నది అన్న. గా మాట ఏడవాయె?"

ఆ మాట వెళ్ళలేదు. నింగవ్వ అప్పటికే వేలు ఎత్తేసింది. నింగవ్వను అడిగితే ఆమె ఏడ్చేసింది. "పొయ్యి మీద పప్పు పొంగుతుంటె ఏలు తీసిన అత్తా. అయిపోయిందనుకున్న." ఆమె చెడ్డది కాదు. రోజుకు పది పనుల మధ్య అత్త మాటను మోస్తుంది. అక్కడ సుమంగళ మాత్రం అమ్మ రావద్దందని పుట్టింటి వైపు చూడటం మానేసింది, జవాబులు కూడా ఆపేసింది.

శరణమ్మ గారు చుక్క పక్కన వేలు పెట్టి, ఏడాది కిందటి ఆ మాట పూర్తిచేశారు. మర్నాడు మొదటి బస్సుకు సుమంగళ దిగింది. ఇద్దరూ వాకిట్లోనే పట్టుకుని ఏడ్చారు, నేను నోటుబుక్కు మూసేశాను.

జయతీర్థ సార్ ఇప్పుడు ఏడో నంబరును తీసేయొద్దంటున్నారు. లెక్కల్లో కలపకుండా దాని కోసమే ఒక అధ్యాయం రాయమన్నారు. నీ పేరు అడిగారు కూడా.

ఆ అధ్యాయం ఎలా మొదలుపెట్టానో చెప్పనా? రాయచూరులో ఒక పోస్టాఫీసు కౌంటర్ దగ్గర ఒకావిడ ఉండేదని మొదలుపెట్టాను. ఊళ్ళవాళ్ళు చెప్పుకునే మాటలను ముప్పై రెండేళ్ళు ఉత్తరాల్లో రాసిపెట్టిందనీ, వాళ్ళ మాట మీద తన మాట ఎన్నడూ పెట్టలేదనీ, వాళ్ళ మాట పూర్తికాకముందు పెన్ను ఎత్తలేదనీ రాశాను. చదివితే సార్ కళ్ళు చెమర్చాయట.

నువ్వు ఒప్పుకుంటే అచ్చుకు పంపుతాను.

నీ కీర్తి


రాయచూరు,
10 సెప్టెంబరు 2024.

కీర్తీ,

అది అచ్చుకు పంపకు. అబద్ధం.

కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళ విషయంలో నువ్వు రాసింది నిజమే. వాళ్ళ మాటల్లో నేను వేలు పెట్టలేదు. వాళ్ళ మీద నాకు ఏ ఆశా లేదు కాబట్టి పెట్టలేదు. అది మంచితనం కాదు.

నీకు ఏడేళ్ళు. 2002 ఫిబ్రవరి. మీ నాన్న ఉత్తరాలు తెలుగులో రాసేవాడు, నీకు కన్నడం తప్ప చదవడం రాదు. నేనే చదివి వినిపించేదాన్ని. ఆ నెల వచ్చిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. ఈ పూట తీసి ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. "వదినగారూ, ఇక్కడ క్వార్టర్సు ఇచ్చారండి. బడి పక్కనే. వేసవి సెలవుల్లో వచ్చి కీర్తిని తీసుకెళ్తాను. కానీ దాన్ని బలవంతంగా తీసుకురాను. ఈ నాలుగు ముక్కలూ దానికి చదివి వినిపించండి. అదేమంటే అది, ఉన్నదున్నట్టు రాయండి."

చదవలేదు. అక్కడికి రాగానే గొంతు ఆగిపోయింది. దాటేసి, బాగా చదువుకో అన్న చివరి మాట చదివాను. నాన్నకు ఏం రాయమంటావని నిన్ను అడిగాను. "రమ్మని రాయి" అన్నావు. నువ్వు ఊరికే అన్నావు, అతను ఏం రాశాడో తెలియక అన్నావు. అదే అతను అడిగిన జవాబు. నేను ఏం రాశానో తెలుసా? "ఇక్కడే బాగుందంటోంది, బడి మార్చొద్దంటోంది" అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు కదా, అదే చేతిరాతతో.

అతను ఆ వేసవికి రాలేదు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి.

నింగవ్వకు పప్పు పొంగింది. నాకు ఏమీ పొంగలేదు. అసూయ, అంతే. కన్న తండ్రి మీద. నువ్వు స్టూలు మీద కూర్చుని అతని ఉత్తరం కవరును చెంపకు ఆనించుకునేదానివి. నేను అన్నం కలిపి పెట్టిన చేతిని ఎప్పుడూ అలా ఆనించుకోలేదు. ఇప్పుడు శరణమ్మ మీద మండిపడ్డానే, అది కొత్త మంట కాదు.

అతను పోయినప్పుడు నువ్వు వెళ్ళనన్నావు. ఆ రోజైనా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే నువ్వు నా ఇంటికి మళ్ళీ రావేమోనని మింగేశాను.

మొత్తం పదకొండు ఉత్తరాలున్నాయి. నీవి అవి. చెప్పు, రిజిస్టర్ పోస్టులో పంపుతాను. నన్ను ఏమనాలనుకుంటే అది అను. తెంపకుండా వింటాను.

ఉమారాణి


కల్లూరు,
19 సెప్టెంబరు 2024.

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. రోజూ జవాబు మొదలుపెట్టి చించేస్తున్నాను. శరణమ్మ గారు ఏమైందని అడిగారు. చెప్పలేదు. అది మన ఇంటి సంగతి.

నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు ఉత్తరం చదివేటప్పుడు వరసల కింద వేలు పెట్టి జరిపేదానివి. నాకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి నేను నీ వేలునే చూసేదాన్ని. ఆ రోజు నీ గొంతు ఆగింది, వేలు నాలుగు వరసలు కిందికి దిగింది, తర్వాత గొంతు మళ్ళీ వచ్చింది. నేను చూశాను. ఏడేళ్ళప్పటి నుంచి నాకు తెలుసు.

నాన్న ఆ నాలుగు వరసల్లో నన్ను వద్దని రాశాడనుకున్నాను. అది నా చెవిన పడకూడదని నువ్వు దాటేశావనుకున్నాను. అందుకే ఎప్పుడూ అడగలేదు, పెట్టె తెరవలేదు. అందుకే ఆయన పోయినా వెళ్ళలేదు. నన్ను పెద్దమ్మ ఎంతగా కాపాడుకుందో ఆ నాలుగు వరసలే చెబుతాయని ఇన్నేళ్ళూ నమ్మాను. నీ మీద ఎప్పుడు కోపమొచ్చినా ఆ వేలు గుర్తొచ్చి చల్లారేదాన్ని. ఇప్పుడు ఏది గుర్తు తెచ్చుకోవాలో తెలియడం లేదు.

కోపం ఉంది. పోతుందని రాయలేను, రాయను.

ఆ అధ్యాయం అచ్చుకు పంపలేదు.

ఉత్తరాలు పోస్టులో పంపొద్దు. వచ్చే ఆదివారం పది గంటల బస్సుకు వస్తాను. నాకు ఇప్పుడు తెలుగు చదవడం వచ్చు, నువ్వే నేర్పావు. అయినా నేను చదవను. ఆ పదకొండూ నువ్వే చదవాలి, మొదటి దాని నుంచి, పైకి. ఫిబ్రవరిది కూడా. నేను పాత స్టూలు వేసుకుని నీ పక్కనే కూర్చుంటాను.

నీ వేలునే చూస్తూ ఉంటాను.

కీర్తి